మన చెస్ గేములు మనమే చూసుకోవడం ఎలా? ఇంజన్ ఎప్పుడు ఆన్ చెయ్యాలి?

#1 పాలకొల్లు_బంటు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. 90 నిమిషాలు ప్లస్ ఎత్తుకి 30 సెకన్ల టోర్నీలో ఎత్తులు రాసుకున్న షీట్లు ఐదున్నాయి. లిచెస్ అనే చెస్ సైట్‌లో ఎక్కించి కంప్యూటర్ ఎనాలిసిస్ (ఎత్తుల్ని తూచే ప్రోగ్రామ్, అదే ఇంజన్) కొడితే రంగురంగుల మార్కులు వస్తున్నాయి. ప్రతిదీ చూడగానే అర్థమవుతుంది, "అవును కదా, ఇది వెయ్యాల్సింది" అనిపిస్తుంది. మళ్ళీ టోర్నీకి వెళ్తే అదే రకం తప్పు. రేటింగ్ 1480. ఒక గేముకి ఎంతసేపు కూర్చోవాలి, ఏ వరసలో చూడాలి, ఏం రాసుకోవాలి? తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి.

రాసేవాళ్ళందరికీ ఒక మనవి. పావుల పేర్లు ఒక్కొక్కళ్ళు ఒక్కోలా అంటారు కాబట్టి రూక్, బిషప్, మంత్రి, గుర్రం, బంటు అని రాద్దాం. గడులు ఈ4, డి5 అని రాస్తే చాలు.

#2 ఏటిగట్టు | ఆదివారం, రాత్రి 10:25

ఇంజన్ ముందు ఆన్ చెయ్యడమే ఇక్కడ తేడా కొడుతోందండీ. ఏ గేముకైనా రెండు రికార్డులుంటాయి. షీట్ మీద ఉన్న ఎత్తులు ఒకటి, ఆ ఎత్తు వేసేటప్పుడు మీ బుర్రలో నడిచింది ఇంకోటి. షీట్ పదేళ్ళయినా ఉంటుంది. రెండోది ఒక్క రాత్రి నిద్రపోతే సగం పోతుంది. ఇంజన్ జవాబు కంటపడితే మిగతా సగమూ పోతుంది, ఎందుకంటే అది చూశాక "నాకూ అలాగే అనిపించింది" అని మన మనసే మనకి సర్దిచెబుతుంది. తప్పు పుట్టింది ఆ ఆలోచనలో. దాన్ని చెరిపేసుకుని ఎత్తుని దిద్దుకుంటే అదే ఆలోచన ఇంకో పొజిషన్‌లో ఇంకో తప్పు చేయిస్తుంది.

అందుకని మూడు విడతలుగా చెయ్యండి.

మొదటి విడత గేము ఆడిన రోజే. ఇంజన్ వద్దు, ఓపెనింగ్ (మొదటి ఎత్తుల) బుక్ వద్దు. షీట్ పక్కన పెట్టుకుని, ఎక్కడెక్కడ అయిదు నిమిషాలకి మించి ఆలోచించారో, ఎదుటివాళ్ళ ఏ ఎత్తు చూసి ఉలిక్కిపడ్డారో, ఎక్కడ ప్లాన్ మార్చుకున్నారో గుర్తు పెట్టండి. 40 ఎత్తుల గేములో ఇలాంటివి అయిదారు, మహా అయితే ఏడు ఉంటాయి. ఒక్కో దానికీ మూడు ముక్కలు రాయండి. ఏయే ఎత్తులు చూశాను? ఎదుటివాళ్ళ జవాబు ఏమనుకున్నాను? చివరికి ఇదే ఎందుకు వేశాను? అరగంట పని. రాజమండ్రిలో ఆడి అమలాపురం వెళ్ళేవాళ్ళకి బస్సు రావులపాలెం దాటేలోపే అయిపోతుంది. "ఏమీ చూడలేదు, చెయ్యి వెళ్ళిపోయింది" అన్నది నిజమైతే అదే రాయండి. చాలా విలువైన ఎంట్రీ అది.

రెండో విడత మర్నాడు, అసలు బోర్డు మీద. ఫోన్ తెర మీద చూసే కన్ను వేరు, టోర్నీలో బోర్డు మీద చూసే కన్ను వేరు. రాసుకున్న వాటిలో మూడు పొజిషన్లు ఎంచుకోండి. గడియారం పది నిమిషాలు పెట్టి, కొత్త పొజిషన్ అన్నట్టు లెక్క వేసి లైన్లు (ఎత్తుల వరసలు) రాయండి. పావులు కదపొద్దు. పది నిమిషాలయ్యాక కదిపి సరిచూసుకోండి. గంట పడుతుంది.

మూడో విడతలో ఇంజన్, అరగంట. మీరు రాసినదానికీ అది చెప్పినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే ఆగి చూడాలి. తేడా లేనిచోట సాగిపోండి.

మొత్తం రెండు గంటలు. అయిదు షీట్లూ ఒకేసారి వద్దు. ఓడినవి రెండు, గెలిచింది ఒకటి తియ్యండి.

#3 రాజోలు_గుర్రం | సోమవారం, ఉదయం 6:50

ఏటిగట్టు గారూ, ఆలోచన మర్చిపోతాం అన్నారు కదా, ఆడుతున్నప్పుడే షీట్ మీద ఎత్తు పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టుకుంటే సరిపోదాండీ? ఇంటికొచ్చాక వెతుక్కునే పని ఉండదు.

#4 గడియారం_కాకినాడ | సోమవారం, ఉదయం 8:15

అలా అస్సలు చెయ్యకండి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాల్లో స్కోర్ షీట్ దేనికి వాడాలో స్పష్టంగా ఉంది. ఎత్తులు, గడియారంలో టైం, డ్రా ప్రతిపాదన, క్లెయిమ్‌కి సంబంధించిన వివరాలు, అలాంటి అవసరమైన సమాచారం మాత్రమే. ప్రశ్నార్థకాలు, వేద్దామనుకుంటున్న ఎత్తులు, "ఎఫ్7 చూడు" లాంటి గుర్తులు నోట్స్ కిందకి వస్తాయి. ఆర్బిటర్ (రిఫరీ) పిలిచి హెచ్చరించొచ్చు, అంతకు మించీ చెయ్యొచ్చు. ఎత్తు ముందు రాసి తర్వాత వెయ్యడం కూడా కుదరదు, డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప. ముందు వేసి, అప్పుడు రాయాలి.

టైం రాసుకోవడానికి మాత్రం అడ్డు లేదు, కాబట్టి అది వాడుకోండి. ప్రతి ఎత్తుకీ అక్కర్లేదు. అయిదేసి ఎత్తులకోసారి, ఇంకా ఎక్కువ ఆలోచించిన ప్రతి ఎత్తు దగ్గరా మిగిలిన నిమిషాలు రాయండి. ప్రశ్నార్థకం చెయ్యాల్సిన పని అదే చేసిపెడుతుంది. 18వ ఎత్తు దగ్గర 61, 19వ దగ్గర 44 అని ఉంటే తవ్వాల్సింది అక్కడే.

ఇంకోమాట. షీట్లు నిర్వాహకులవి. డూప్లికేట్ షీట్ ఇస్తే అడుగు కాపీ మీదే, కానీ దాని మీద అచ్చు సరిగా పడదు. ఒరిజినల్ ఇచ్చేముందు ఫోన్ మీ దగ్గర ఉండదు కాబట్టి గట్టిగా నొక్కి రాయడం ఒక్కటే మార్గం. అదే రాత్రి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మధ్యలో ఒక ఎత్తు తప్పితే, ముందుకి వెళ్ళి తర్వాతి బంటు ఎత్తు గానీ చంపుడు గానీ పట్టుకుని అక్కడి నుంచి వెనక్కి రండి. రెండు రూక్‌లూ ఒకే గడికి వెళ్ళగలిగే చోట ఏ రూకో రాయకపోవడం, గుర్రాల విషయంలో అదే, ఈ రెండే ఎక్కువగా షీట్‌ని చెడగొడతాయి.

#5 భీమవరం_రూక్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

మా వైపు చెరువుల భాషలో చెబుతాను, బాగా అర్థమవుతుంది. తెల్లారుజామున నాలుగింటికి రొయ్య పైకి తేలితే ఆ నాలుగు గంటల దగ్గర తప్పు వెతకరు ఎవరూ. నిన్న సాయంత్రం చెక్ ట్రేలో మేత మిగిలిందా, మబ్బు పట్టిందా, ఏరేటర్లు ఎన్నింటికి వేశారు, రాత్రి డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ఎంత ఉంది, ఇవి చూస్తారు. రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లారేముందు అడుగు పడుతుంది. తేలడం ఆఖరి సంగతి.

ఇంజన్ గ్రాఫ్ (ఎవరిది పైచేయో చూపే గీత) ధబేలున పడిన ఎత్తు కూడా అంతే. 31వ ఎత్తులో గుర్రం పోయిందనుకోండి. ఇంజన్ 31కే మార్కు పెడుతుంది. కానీ 24 నుంచి మీ పావులన్నీ ఒకదాన్నొకటి కాచుకోవడానికే కట్టుబడి ఉంటే, ప్రతి ఎత్తుకీ మూడు బెదిరింపులు చూసుకోవాల్సి వస్తుంటే, ఆ అలసటలో 31 పుట్టింది. కాబట్టి మార్కు పడ్డ ఎత్తు నుంచి వెనక్కి నడవండి. "ఇక్కడ నా పొజిషన్ నాకు హాయిగా ఉంది" అనిపించిన ఆఖరి చోటు ఏదో అక్కడ ఆగండి. ఆ చోటుకీ కూలిన చోటుకీ మధ్య మీరు తీసుకున్న పెద్ద నిర్ణయం, సాధారణంగా ఒక మార్పిడో, ఒక బంటు తోపో, కనపడుతుంది. రాసుకోవాల్సింది దాన్ని. గ్రాఫ్‌లో అక్కడ పడింది 0.4 మాత్రమే అయినా సరే.

#6 ఏటిగట్టు | సోమవారం, రాత్రి 9:05

పైన చెప్పినదానికి జోడిస్తూ, తప్పుల్ని ఓపెనింగ్ పేరుతో కాకుండా ఆలోచన రకంతో సర్దాలి. దీనికి రెండు ఉదాహరణలు బోర్డు మీద పెట్టి చూడండి.

నల్లవాటితో: ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, బిషప్ సి4 గుర్రం ఎఫ్6, గుర్రం జి5 డి5, ఈ4 బంటు డి5 దగ్గర చంపింది. ఇక్కడ నల్లవాళ్ళు గుర్రంతో డి5 మీద తిరిగి చంపారు. తర్వాత తెల్ల గుర్రం ఎఫ్7 చంపుతుంది, రాజు దాన్ని చంపుతాడు, మంత్రి ఎఫ్3 చెక్. డి5 గుర్రం మీదా దాడి. దాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి నడవాలి, వెంటనే గుర్రం సి3 వచ్చి పడుతుంది. నడి బోర్డులో రాజుతో టోర్నీలో ఆడటం నరకం. ఆ తిరిగి చంపే చోట గుర్రం ఏ5 వేసి సి4 బిషప్‌ని అడగాలి. బిషప్ బి5 చెక్, సి6, బంట్లు మారతాయి. ఒక బంటు తక్కువైనా పావులు త్వరగా బయటికి వస్తాయి.

తెల్లవాటితో: ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, బిషప్ బి5 ఏ6, బిషప్ ఏ4 డి6, డి4 బి5, బిషప్ బి3, గుర్రం డి4 చంపింది, గుర్రం చంపింది, ఈ5 బంటు చంపింది. ఇప్పుడు 8వ ఎత్తు తెల్లవాళ్ళది. మంత్రితో డి4 బంటుని చంపితే సి5 వస్తుంది. మంత్రి డి5కి వెళ్ళి ఎఫ్7 మీదా ఏ8 రూక్ మీదా కన్నేస్తుంది. బిషప్ ఈ6, మంత్రి సి6 చెక్, బిషప్ డి7, మంత్రి మళ్ళీ డి5, అప్పుడు సి4. బి3 బిషప్‌కి దారి లేదు. బిషప్‌కి బదులు రెండు బంట్లే మిగులుతాయి. ముందు బిషప్ డి5 వేసుంటే రూక్ మీద దాడి, బిషప్ బోను బయట. బంటు ఎక్కడికీ పారిపోదు, తర్వాత చంపుకోవచ్చు.

ఇంజన్ ఈ రెంటికీ వేరు వేరు జవాబులు చెబుతుంది. ఒకటి గుర్రం ఏ5, ఒకటి బిషప్ డి5. ఓపెనింగులు వేరు, రంగులు వేరు, పావులు వేరు. తప్పు మాత్రం ఒకటే: చంపాడు కాబట్టి తిరిగి చంపాను. పుస్తకంలో "టూ నైట్స్", "రుయ్ లోపెజ్" అని రెండు పేజీల్లో రాసుకున్నవాళ్ళకి అది ఎప్పటికీ కనపడదు. "చూడకుండా తిరిగి చంపడం" అని ఒకే పేజీలో రాస్తే పది గేముల్లో నాలుగుసార్లు పడి ఎదురుగా నిలబడుతుంది.

రకాలు ఏడెనిమిది మించకూడదు. ఎదుటివాళ్ళ ఆఖరి ఎత్తు ఏం బెదిరిస్తోందో చూడకపోవడం, చూడకుండా తిరిగి చంపడం, లెక్క ఒక ఎత్తు ముందే ఆపేయడం, అక్కర్లేని మార్పిడి, వెనక్కి వెళ్ళే ఎత్తు కంటికి ఆనకపోవడం, టైం, నిజంగా తెలియని ఓపెనింగ్. మీ తప్పు ఇందులో ఇమడకపోతేనే కొత్త పేరు పెట్టండి.

#7 తణుకు_ఈ4 | సోమవారం, రాత్రి 10:10

ఏటిగట్టు గారి పద్ధతి మంచిదే కానీ అందరికీ కాదని నా అభిప్రాయమండీ. లిచెస్‌లో 1200 లోపు ఉన్నవాళ్ళకి (2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ కింది మెట్టే 1400 కాబట్టి ఫిడే లెక్కలో చెప్పడం కుదరదు) గేముకి నాలుగైదు పావులు ఊరికే పోతాయి. వాళ్ళని రెండు గంటలు కూర్చోబెట్టి లైన్లు రాయమంటే నోట్‌బుక్ మూడో రోజే అటక ఎక్కుతుంది. వాళ్ళకి ఇంజన్ ముందే ఇవ్వండి. 20 నిమిషాలు చాలు. లిచెస్‌లో "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" అన్న బటన్ ఉంది, తప్పు ముందు ఆపి మంచి ఎత్తు మిమ్మల్నే వెతకమంటుంది. అది చేసి, ఒక్క లెక్క రాసుకుంటే చాలు: ఈ గేములో ఒక్క ఎత్తులో పోయిన పావులెన్ని. ఆ అంకె వరసగా పది గేముల్లో ఒకటికి దిగాక అప్పుడు పెద్ద పద్ధతికి రావచ్చు.

#8 ఏటిగట్టు | మంగళవారం, ఉదయం 7:20

ఒప్పుకుంటాను. నేను 1480 వారికి రాశాను. ఊరికే పావులు పోయే దశలో ఆలోచన వెతకడానికి అక్కడ ఆలోచన ఇంకా తయారవలేదు. కాకపోతే ఆ దశలోనూ "ఎదుటివాడి ఆఖరి ఎత్తు ఎందుకు వేశాడు" అని ఒక్క ముక్క రాయించండి. అయిదు నిమిషాల పని.

#9 నల్లగడి_మండపేట | మంగళవారం, ఉదయం 11:45

ఇంజన్ ఆన్ చేశాక దాన్ని ఎలా చదవాలో ఎవరూ రాయలేదు. నేను రాస్తాను.

లైన్లు మూడు పెట్టుకోండి. ఒక్క లైనే పెడితే మీ ఎత్తు తప్పో, రెండో మంచి ఎత్తో తెలియదు. మూడూ 0.2 లోపు తేడాలో ఉంటే అక్కడ నేర్చుకునేది పెద్దగా లేదు, నచ్చింది వెయ్యొచ్చు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 1.5 తేడా ఉంటే ఆ పొజిషన్‌లో ఒకే దారి ఉందన్నమాట, ఆగాల్సింది అక్కడ. డెప్త్ (ఎంత ముందుకి లెక్కేసిందో ఆ అంకె) 20 దాటేదాకా నిలకడగా ఉంచండి. 12 దగ్గర చూపించింది 22 దగ్గర మారిపోవడం మామూలే.

అంకెకి అర్థం కూడా తెలియాలి. లిచెస్‌లో ఉండే ఇంజన్ స్టాక్‌ఫిష్, దాని 15.1 వెర్షన్ నుంచి +1.0 అంటే ఒక బంటు ఎక్కువని కాదు. అదే బలం ఉన్న ఇంజన్‌తో ఆడితే సగం గేములు గెలిచేంత ఆధిక్యం అని. మన స్థాయిలో +1.0 ఒక్క తప్పుకి తిరగబడుతుంది, కాబట్టి +0.6 పోయిందని బెంగపడొద్దు. లిచెస్ మార్కులు కూడా గెలుపు అవకాశం ఎంత పడిందన్న దాన్నిబట్టే పెడుతుంది. అందుకే +9 నుంచి +7కి పడినా ఒక్కోసారి మార్కే ఉండదు. గెలిచే గేముల్లో మన బద్ధకాన్ని అది పట్టించదు, మనమే చూసుకోవాలి.

ఇంజన్ ఎత్తు అర్థం కాకపోతే దాన్ని తెర మీద వేసి, దానికి మీరు భయపడిన జవాబు మీరే వెయ్యండి. ఏం చేస్తుందో చూపిస్తుంది. మూడు నాలుగు జవాబులు ఇలా వేస్తే కారణం బయటపడుతుంది. కంప్యూటర్ మీదైతే ఎక్స్ కీ నొక్కండి, ఎదుటివాళ్ళకి ఇంకో ఎత్తు దొరికితే ఏం చేస్తారో బాణం గుర్తుతో చూపిస్తుంది. బెదిరింపులు కనపడనివాళ్ళకి దీనికి మించిన మందు లేదు. అప్పటికీ కారణం మీ మాటల్లో ఒక వాక్యంగా రాయలేకపోతే ఆ ఎత్తుని వదిలెయ్యండి. అర్థం కాని ఎత్తు బట్టీ పట్టి లాభం లేదు.

ఎక్యురసీ శాతం చూసుకుని మురిసిపోవడం, ఏడవడం రెండూ వద్దు. ఇరవై ఎత్తుల్లో పావులన్నీ మార్చుకుని డ్రా చేసుకుంటే 96 వస్తుంది. ప్రాణం పెట్టి ఆడిన 60 ఎత్తుల గేముకి 81 వస్తుంది. రెండోదే ఎక్కువ నేర్పుతుంది.

#10 గడియారం_కాకినాడ | మంగళవారం, రాత్రి 8:30

టైం గురించి. 90 ప్లస్ 30లో 40 ఎత్తులకి మీ చేతిలో ఉండేది 90 నిమిషాలు, ఇంక్రిమెంట్లవి (ఎత్తుకి కలిసే 30 సెకన్లు) ఇంకో 20. మొత్తం 110. అంటే ఎత్తుకి సగటున రెండు నిమిషాల నలభై అయిదు సెకన్లు. షీట్ మీద రాసుకున్న టైంలతో ఎత్తు వారీగా ఒక కాలమ్ వెయ్యండి. పది నిమిషాలు దాటిన ప్రతి ఎత్తునీ ఇంజన్‌కి చూపించి, మీరు ఏ రెండింటి మధ్య ఊగిసలాడారో ఆ రెంటి అంకెలూ రాయండి. తేడా 0.3 లోపు ఉంటే ఆ పది నిమిషాలూ వృథా. ఆ పక్కనే, ఆఖరి పది ఎత్తుల్లో ఇంక్రిమెంట్ మీద బతుకుతూ పోగొట్టుకున్నది రాయండి. 17వ ఎత్తు దగ్గర పోసిన నిమిషాలే 38వ ఎత్తు దగ్గర కరువయ్యాయని అప్పుడు ఒప్పుకుంటారు. "టైం ట్రబుల్ వల్ల ఓడాను" అన్న మాట రివ్యూ కాదు. టైం ఎక్కడ పోయిందో రాస్తే రివ్యూ.

#11 పాపతల్లి_రామచంద్రపురం | మంగళవారం, రాత్రి 9:50

పెద్దవాళ్ళందరికీ నమస్కారాలు. పన్నెండేళ్ళ పాప కోసం అడుగుతున్నానండీ. ఒకరోజు రాపిడ్ (తక్కువ టైం గేముల) టోర్నీలో షీట్ రాయరు కదా, ఆ గేములు ఎలా చూసుకోవాలి? రౌండుకీ రౌండుకీ మధ్య ఫోన్‌లో చూపించొచ్చా?

#12 తణుకు_ఈ4 | మంగళవారం, రాత్రి 10:30

అమ్మా, రౌండ్ల మధ్య ఇంజన్ అస్సలు వద్దండి. మంటపం వరండాలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని "ఇదిగో, ఇక్కడ గెలిచే గేము పాడుచేశావ్" అని చూపిస్తే తర్వాతి రౌండ్ కూడా ఆ గేమే ఆడుతుంది. మంచినీళ్ళు, అరటిపండు, కాసేపు నడక. అంతే.

రాపిడ్‌లో ఎత్తులు రాయక్కర్లేదని నియమం ఉంది గానీ గుర్తుంచుకోవద్దని లేదు కదండీ. టోర్నీ అయ్యాక ఇంటికి వెళ్ళే దారిలో పాప నోటితో చెప్పమనండి, మీరు రాయండి. మొదట్లో పది పన్నెండు ఎత్తులే వస్తాయి. రెండు నెలల్లో పాతికకి పెరుగుతుంది. పూర్తి గేము రాకపోయినా పర్వాలేదు. ఓపెనింగ్ ఎక్కడ ఆగింది, గేము తిరిగిన ఒక్క పొజిషన్ బోర్డు మీద పెట్టగలదా, ఈ రెండూ చాలు. రాపిడ్, బ్లిట్జ్ గేములకి అంతకు మించి టైం పెట్టొద్దు.

క్లాసికల్ అయితే ఇంకోటి. గేము అవగానే ఆడిన ఎదుటివాళ్ళని హాల్ బయటికి పిలిచి అయిదు నిమిషాలు మాట్లాడమనండి. హాల్ లోపల ఎనాలిసిస్ చెయ్యకూడదు. ఓడినా, గెలిచినా, ఎదుట ఉన్నది ఎనిమిదేళ్ళ పిల్లాడైనా సరే "ఒక్కసారి చూద్దామాండీ" అని అడగడం నేర్పండి. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నా ఏ ఎత్తుకి మీరు భయపడ్డారు?" ఇంజన్‌కి భయం ఉండదు, కాబట్టి ఈ జవాబు అక్కడ దొరకదు. మన ప్లాన్ ఎదుటివాళ్ళకి ఎలా కనపడిందో తెలిసేది ఇలాగే.

#13 రాజోలు_గుర్రం | బుధవారం, ఉదయం 6:30

ఓపెనింగ్ భాగం ఎంతవరకు చూడాలండీ? నాకైతే అక్కడే గంట పోతుంది.

#14 నల్లగడి_మండపేట | బుధవారం, ఉదయం 9:10

పది నిమిషాలు. లిచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, మీరు గానీ ఎదుటివాళ్ళు గానీ తెలిసిన దారి మొదట ఏ ఎత్తులో వదిలారో చూడండి. అక్కడ ఒక్క ఎత్తు ముందుకి నేర్చుకుని ఆపేయండి. మాస్టర్స్ గేములతో పాటు మీ రేటింగ్ వాళ్ళ గేములూ చూపించే ట్యాబ్ ఉంది, ఎదురయ్యేది ఎక్కువగా వాళ్ళ ఎత్తులే. ఒక్కో గేముకి ఒక్కో ఎత్తు చొప్పున ఏడాదికి 40 క్లాసికల్ గేములాడితే 40 ఎత్తులు, అన్నీ మీకు నిజంగా ఎదురైనవే.

#15 కోనసీమ64 | బుధవారం, మధ్యాహ్నం 2:40

ఇంతమంది రాశారు గానీ గెలిచిన గేము ఎందుకు చూడాలో ఎవరూ బోర్డు మీద చూపించలేదు. ఇది పెట్టండి.

తెల్ల రాజు డి3, తెల్ల బంటు ఈ2. నల్ల రాజు ఈ7. ఇంకేం లేవు. తెల్లవాళ్ళ ఎత్తు.

టోర్నీలో చాలామంది చెయ్యి బంటు మీదకి వెళ్తుంది, ఈ3. నల్లవాళ్ళు రాజు ఈ6 అంటారు, తెల్ల రాజు ఈ4కి వచ్చి ఎదురు నిలబడతాడు. నల్ల రాజు పక్కకి తప్పుకోవాల్సిందే, తెల్ల రాజు ముందుకి దూరతాడు, బంటు మంత్రి అవుతుంది, 1-0. షీట్ మడిచి జేబులో పెట్టుకుంటారు. ఎండ్‌గేమ్ బాగా ఆడాననే అనుకుంటారు.

ఇప్పుడు ఈ3కి జవాబుగా నల్ల రాజుని డి7కి జరపండి. డ్రా. తెల్ల రాజు ఈ4 అంటే నల్ల రాజు ఈ6, డి4 అంటే డి6, సి4 అంటే సి6. ప్రతిసారీ ఎదురుగా నిలబడతాడు, తప్పుకోవాల్సిన వంతు తెల్లవాళ్ళది అవుతుంది. ఆ డి7 ఒక్కటే నల్లవాళ్ళకి బతికే దారి. ఎదుటివాళ్ళకి అది కనపడలేదు కాబట్టి మీరు గెలిచారు.

సరైనది రాజు ఈ4. నల్ల రాజు ఈ6 అనగానే అప్పుడు బంటు ఈ3. ఆ ఒక్క అడుగే చేతిలో దాచుకున్న టెంపో (మిగుల్చుకున్న ఎత్తు). ముందే ఖర్చు పెట్టేస్తే అవసరానికి ఉండదు. బంటు ఈ2లో ఉంటే దానికి రెండు వరసల ముందున్న డి4, ఈ4, ఎఫ్4 గడుల్లో దేనిలోనైనా తెల్ల రాజు కాలు పెడితే ఎవరి వంతైనా గెలుపే. బంటు ఈ3కి జరిగితే ఆ మూడు గడులు కూడా ఒక వరస ముందుకి జరిగి డి5, ఈ5, ఎఫ్5 అవుతాయి, రాజుకి నడక పెరుగుతుంది.

రాజులు, బంట్లతో కలిపి ఏడు పావులకి మించని పొజిషన్ అయితే లిచెస్‌లో ఇంజన్ అంకెలు చూడక్కర్లేదు, టేబుల్‌బేస్ (ముందే లెక్కకట్టి పెట్టిన ఎండింగుల పట్టిక) నేరుగా గెలుపా, డ్రానా, ఓటమా చెప్పేస్తుంది. గెలిచిన ప్రతి గేము ఎండింగునీ దాని ముందు ఒకసారి పెట్టండి. గెలుపు నుంచి డ్రాకి, డ్రా నుంచి మళ్ళీ గెలుపుకి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ఈ విద్య ఎలా ఉండాలో చూడాలంటే మన గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ గారి ఎండ్‌గేమ్‌లు తీసి ప్రతి ఎత్తు దగ్గరా ఆగి ముందు మీరు ఊహించి, తర్వాత ఆయన వేసింది చూడండి.

#16 భీమవరం_రూక్ | బుధవారం, సాయంత్రం 5:15

కోనసీమ64 గారిది చూశాక ఒకటి చేర్చాలి. రాసినది మళ్ళీ తెరవకపోతే రాయడం దండగ. గేముకి ఒక్క పొజిషన్, ఒకే ఒక్కటి, లిచెస్ స్టడీలో ఒక చాప్టర్‌గా పెట్టండి, ఎవరికీ కనపడకుండా ప్రైవేట్‌గా. ఒక స్టడీలో 64 చాప్టర్లు పడతాయి, అంటే ఏడాది గేములు ఒకేచోట. చాప్టర్ పేరులో జవాబు రాయకండి, తప్పు రకం కూడా రాయకండి, తేదీ చాలు. వారానికోసారి, నెలకోసారి తిప్పి ఆడండి. నెల తర్వాత కూడా అదే తప్పు ఎత్తు చేతికి వస్తే దాన్ని వదలకుండా మళ్ళీ వారం జాబితాలో వేసుకోండి. పది గేములు అయ్యాక రకాల లెక్క తియ్యండి. మొదటి స్థానంలో ఉన్న రకం ఒక్కదాని మీదే తర్వాతి రెండు నెలలు. మిగతావాటి జోలికి వెళ్ళకండి.

ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న బొట్విన్నిక్ అంతటివాడు తన గేముల్ని తనే విశ్లేషించి అచ్చు వేయించమనేవాడు, బయటివాళ్ళు తప్పు పట్టడానికి వీలుగా. మనకి అచ్చు అక్కర్లేదు, ఇక్కడ పెడితే పట్టడానికి ఇంతమందిమి ఉన్నాం.

#17 పాలకొల్లు_బంటు | గురువారం, రాత్రి 9:20

అందరికీ ధన్యవాదాలండీ. ఒక ఓడిన గేముకి మొదటి రెండు విడతలూ అయ్యాయి. ఒక ఎంట్రీ పెడుతున్నాను, సరిగా ఉందో లేదో చెప్పండి.

"22వ ఎత్తు, నల్లవి. టైం 48 నుంచి 46. చూసిన ఎత్తులు: రూక్ డి1 చంపడం ఒక్కటే. ఎదుటివాళ్ళ జవాబు: రూక్‌తో తిరిగి చంపుతారనుకున్నాను, గుర్రంతో చంపి సి3కి వస్తారని చూడలేదు. ఎందుకు వేశాను: పొజిషన్ తేలికవుతుందని. ఆఖరిగా హాయిగా ఉన్న చోటు: 21. రకం: అక్కర్లేని మార్పిడి."

#18 ఏటిగట్టు | గురువారం, రాత్రి 10:00

చాలా బాగుందండీ. ఒక్క సవరణ. "పొజిషన్ తేలికవుతుందని" అన్నది ఇంకొంచెం తవ్వండి. ఎవరికి తేలిక? మీ రూక్ డి లైన్ మీద పనిచేస్తోంది, వాళ్ళ గుర్రం మూల పడి ఉంది. మార్పిడితో మీ మంచి పావు పోయి వాళ్ళ చెడ్డ పావు బయటికొచ్చింది. కాబట్టి మార్పిడి ముందు అడగాల్సిన ప్రశ్న ఎంట్రీ కింద రాయండి: "చంపాక బోర్డు మీద మిగిలేవాటిలో ఎవరి పావు మెరుగైంది?" రెండు నిమిషాల్లో వేసేశారని టైం కాలమ్ చెబుతోంది, అదీ గీత గీసి పెట్టుకోండి. ఇక ఇంజన్ ఆన్ చెయ్యండి.

#19 రాజోలు_గుర్రం | శుక్రవారం, ఉదయం 6:40

కోనసీమ64 గారూ, మీ పొజిషన్‌లో రాజు ఈ4 బదులు రాజు డి4 వేస్తే కూడా గెలుస్తుందాండీ? ఈ7 నుంచి నల్ల రాజు డి6కి వచ్చి ఎదురు నిలబడతాడు కదా.

#20 కోనసీమ64 | శుక్రవారం, ఉదయం 8:05

గెలుస్తుందండీ. డి4 కూడా ఆ మూడు గడుల్లోదే. రాజు డి6 అంటే అప్పుడు బంటు ఈ3, తప్పుకునే వంతు నల్లవాళ్ళదే. రాజు ఈ6 అంటే తెల్ల రాజు ఈ4, బంటు ఇంకా ఈ2లోనే. డి6 నుంచి సి6కి తప్పుకుంటే తెల్ల రాజు ఈ5. రాజు ఈ3 అని మొదలుపెట్టి కూడా చూడండి, నల్ల రాజు ఎక్కడికి వెళ్తే ఏమవుతుందో మీరే వెతకండి. టేబుల్‌బేస్ ఆ తర్వాతే తెరవండి.